నా బండి ఎక్కని మనిషి

ఫిబ్రవరి 12. మంచు, మధ్యాహ్నం కాస్త తెరిపి.

అంతా సవ్యంగా జరిగింది. పూజారిగారు వేళకు వచ్చారు. దహనశాలలో మా వంతు ఆలస్యం కాలేదు. ఎముకలు ఏరేటప్పుడు ఇద్దరిద్దరు జతగా పుల్లలతో ఒకే ఎముకను పట్టుకుని కలశంలో వేయాలి. కొజుయె వాళ్ళ పెద్దమ్మతో జత కట్టింది. కూతురు తండ్రితో నిలబడుతుందనుకున్నాను, ఏమో, పక్కనే ఎవరుంటే వాళ్ళతో కానిచ్చేసి ఉంటుంది. నాకు మా డిపో సెగావా జత అయ్యాడు. నా దగ్గర రైలుబండి నడపడం నేర్చుకున్న డ్రైవరు.

కలశం ఇప్పుడు ముందుగదిలో ఉంది, తెల్లగుడ్డలో చుట్టి. పక్కన ఫోటో. అందులో మా ఆవిడ మిసావో ఎవరినో చూసి నవ్వుతోంది. ఆ ఫోటో తీసింది నేను కాదు.

కొజుయె ఈ పూట ఉంటుందనుకున్నాను. నాగోయాలో రేపు పని ఉందట. కళ్ళజోళ్ళ దుకాణంలో అంత మునిగిపోయే పనేమిటో నాకు తెలియదు. నాలుగింటి బండికి వెళ్ళిపోయింది. తొచిజావ స్టేషను మా గుమ్మంలోంచి కనిపిస్తుంది, అక్కడిదాకా వస్తానంటే కూడా వద్దంది.

అంతా సవ్యంగా జరిగింది.

ఫిబ్రవరి 13. మంచు.

కొజుయె ఫోను ఎత్తలేదు. పనిలో ఉండి ఉంటుంది.

ఫిబ్రవరి 15. మంచు.

ఎత్తలేదు. జలుబు చేసి ఉంటుంది. దహనశాల బయట చాలాసేపు చలిలో నిలబడింది కదా.

ఫిబ్రవరి 17. గాలి.

మిసావో అక్క, తొకికో వదిన వచ్చింది. కూర గిన్నె తెచ్చింది, దాంతోపాటు తన నోరు కూడా తెచ్చింది.

"ఇదేం కొంపయ్యా, శవాల గదిలా ఉంది! స్టవ్వు వెలిగించుకోవూ? చలికి బిగుసుకుపోయి మా చెల్లెలి వెనకాలే పోదామనా?"

"కిరోసిన్ అయిపోయింది వదినా."

"అయిపోతే ఫోన్ చేసి తెప్పించుకోవాలి. నోరుందిగా? ఔన్లే, నీ నోరు కావలసిన చోట పెగలదు, అక్కర్లేని చోట ఆగదు."

ఏమిటి సంగతి అని అడిగాను.

"ఏమీ ఎరగనట్టు మొహం పెట్టకు తెయిజో. ఆ రోజు దహనశాలలో నువ్వు చేసిన నిర్వాకానికి నీ కూతురు తల ఎత్తుకోలేకపోయింది."

నాకు గుర్తు లేదని రాయను. గుర్తుంది. రాయబుద్ధి కాలేదు, అంతే. మిసావో ఉన్న పెట్టె లోపలికి వెళ్ళింది. కొలిమి ఇనుప తలుపు ఎడమ నుంచి కుడికి జరిగి మూసుకుంది. పైన దీపం వెలిగింది. అంతే, నా కుడి చెయ్యి దానంతట అదే లేచింది. తలుపు వైపు వేలు చూపించి, డిపోలో నేర్పినట్టే గొంతెత్తి అన్నాను. "తలుపు పడింది, సరి! బయల్దేరవచ్చు!"

ఆ గది గోడలన్నీ నున్నటి రాయి. మాట మళ్ళీ వినిపించింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

పెళ్ళికి ముందు నుంచీ ఇదే నా పని. తలుపు పడితే వేలు చూపి చెప్పాలి, సిగ్నలు దీపం మారితే వేలు చూపి చెప్పాలి, అప్పుడే బండి కదపాలి. అదెంతగా ఒంటికి పట్టిందంటే స్నానాల గది తలుపుకు కూడా చెబుతాను. మిసావో కొత్తలో పగలబడి నవ్వేది, తర్వాత తర్వాత వంటింట్లోంచి తనే "సరి" అని బదులు పలికేది. అది ఎగతాళి కాదు. ఆ మాటే వదినకు చెప్పాను.

"నాకు తెలుసయ్యా. నాకు చెప్పుకుని ఏం లాభం, నీ కూతురికి చెప్పుకో."

"ఫోను ఎత్తడం లేదు."

"ఎందుకెత్తుతుంది? అమ్మను సరుకు బండి సాగనంపినట్టు సాగనంపాడు అని ఒకటే ఏడుపు."

కూర ఉప్పగా ఉంది. మొత్తం తిన్నాను.

ఫిబ్రవరి 18.

కిరోసిన్ వచ్చింది.

ఫిబ్రవరి 20. ఎండ. పట్టాల మీద మంచు కరుగుతోంది.

డ్యూటీలో చేరాను. ఒక్క పెట్టె బండి, ఒక్క మనిషి నడపాలి. గార్డు లేడు, టికెట్లు అమ్మేవాడు లేడు. వెనక తలుపులో ఎక్కేవాళ్ళు నంబరు చీటీ తీసుకుంటారు, ముందు తలుపులో నా పక్కనుంచి దిగుతూ ఆ చీటీ, డబ్బులు పెట్టెలో వేస్తారు. ప్రతి మనిషికీ తల వంచి "మా బండి ఎక్కినందుకు ధన్యవాదాలండీ" అంటాను. ఇవాళ దిగిన ప్రతివాళ్ళూ నాకే తల వంచి, భార్య పోయినందుకు రెండు మాటలు చెప్పి దిగారు. దాంతో బండి ఆలస్యమైంది. పరామర్శలు ఇంటికొచ్చి చెయ్యొచ్చు కదా.

దారి పొడుగునా కెమెరాల వాళ్ళు. మార్చి చివర మా లైను మూసేస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి ఎక్కడెక్కడి నుంచో దిగుతున్నారు. ఇన్నేళ్ళుగా ఎవరూ ఎక్కని బండికి చావు తేదీ ఖాయం కాగానే ఎంతమంది చుట్టాలో! తొచిజావ వెయిటింగు గదిలో బెంచీల మీద ఊళ్ళో ఆడవాళ్ళు అల్లి వేసిన మెత్తలు ఉంటాయి. ఒకడు వాటిని వరసగా పెట్టి ఫోటోలు తీస్తున్నాడు. పసుపుపచ్చది, అంచు సరిగ్గా కుదరనిది, మిసావో అల్లింది. దాన్ని పక్కకు తీసేసి తీశాడు. బాగాలేదనుకున్నాడేమో. నేను దిగి వెళ్ళి దాన్ని మళ్ళీ మధ్యలో పెట్టి వచ్చాను. మెత్తను సర్దడానికి బండి దిగిన డ్రైవరును నేనొక్కణ్ణే అయి ఉంటాను.

డిపోలో సెగావా నా చుట్టూ తిరుగుతూ నసిగాడు.

"ఇవాబుచి గారూ, ఆ రోజు దహనశాలలో…"

"నవ్వింది నువ్వేనా?"

"అయ్యో, కాదండీ! నేను… నేనూ చెయ్యెత్తానండీ. సగం దాకా లేచింది. మీ గొంతు వినపడగానే దించేశాను."

వాడి మొహం చూస్తే నాకే జాలేసింది. ఇద్దరం కాసేపు టీ తాగుతూ కూర్చున్నాం. ఆ తర్వాత వాడు తన బండికి వెళ్ళాడు, నేను నా బండికి వచ్చాను.

ఫిబ్రవరి 23. మబ్బు.

కొజుయె తనే ఫోన్ చేసింది. ఇదిగో, అనుకున్నట్టే అయింది, కోపం తగ్గింది అనుకున్నాను.

"నాన్నా, అమ్మను నాగోయా తీసుకెళ్తాను."

"ఏ అమ్మను?" అన్నాను. అంతకంటే తెలివితక్కువ ప్రశ్న ఇంకోటి ఉండదు.

"నలభై తొమ్మిదో రోజు కర్మకి వస్తాను. కలశం సమాధిలో పెట్టొద్దు. నేను తెచ్చుకుంటాను. ఇక్కడ మా ఇంటి దగ్గర గుడిలో పెట్టుకోడానికి అడిగాను, సరేనన్నారు."

"మన ఇవాబుచి వంశం సమాధి ఉండగా గుడిలో ఎందుకు? మా అమ్మా నాన్నా అక్కడే ఉన్నారు. స్టేషను పైన కొండ, ఎంత బాగుంటుంది! అక్కణ్ణుంచి బండి కనిపిస్తుంది."

"ఏ బండి నాన్నా?"

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"వచ్చే నెల తర్వాత బండి ఉండదు. నాకు కారు నడపడం రాదు. అమ్మను ఆ కొండ మీద వదిలేస్తే నేనెలా రావాలి?"

"బస్సు వేస్తున్నారుగా."

"నువ్వు బస్సుని నమ్ముకో."

దహనశాల సంగతి ఎత్తబోయాను. "అది వదిలెయ్ నాన్నా" అని పెట్టేసింది.

మనసులో కోపం పెట్టుకుని ఉంది. అది తగ్గాక అన్నీ సర్దుకుంటాయి.

ఫిబ్రవరి 24.

రాతిపని మనిషికి చెప్పాను. మార్చి 27, ఆదివారం, కర్మ రోజున సమాధి రాయి తెరవడానికి. ఒప్పుకున్నాడు.

మార్చి 3. చినుకులు.

ఇవాళ ఆడపిల్లల పండుగ. ప్రతి ఏడూ బొమ్మల్ని బయటకు తీసి మెట్ల మీద పేర్చేది మిసావో, కొజుయె ఊళ్ళో లేకపోయినా సరే. పెట్టె ఎక్కడ ఉందో వెతకలేదు.

మార్చి 6. ఎండ.

తొకికో వదిన మళ్ళీ వచ్చింది. కలశం ముందు అగరువత్తి వెలిగించి, గంట కొట్టి, చెల్లెలితో చాలాసేపు మాట్లాడింది. నా మీద చాడీలే అయి ఉంటాయి. కొందరు ఎముకలు రెండు చోట్ల పెట్టుకుంటారు కదా, సగం కొజుయెకి, సగం ఇక్కడ, అలా చేస్తే ఎలా ఉంటుంది అని అడిగాను.

"మా చెల్లెలేమన్నా చేపటయ్యా, తలా తోకా పంచుకోడానికి?"

"ఊరికే అన్నాను వదినా."

"ఊరికే కూడా అనకు. బతికున్నన్నాళ్ళూ అందరి మధ్యా నలిగి ముక్కలైంది చాలు. ఇప్పుడైనా ఒక్కచోట ఉండనివ్వండి. ఎక్కడన్నది తండ్రీ కూతుళ్ళు తేల్చుకోండి."

ఆమె నలిగింది ఎప్పుడు? మేం గొంతెత్తి పోట్లాడుకున్నది కూడా లేదు. వదినకి ప్రతిదీ పెద్దది చేసి చెప్పడం అలవాటు.

మార్చి 13. గాలి, బండి నెమ్మదిగా నడపమన్నారు.

ఇది రాయకుండా పడుకోవచ్చు. కానీ నిద్ర రాదు.

ఫోన్ చేశాను. రాతిపని మనిషి తేదీ ఖాయం చేశాడని చెప్పాను. అంతే, కొజుయె విరుచుకుపడింది. చిన్నప్పుడు కూడా అది నా మీద అలా అరవలేదు.

"అమ్మకి ఏం కావాలో నీకు తెలుసా? ఎప్పుడైనా అడిగావా?"

"అడగడానికేముంది, మొగుడి సమాధిలో కాకపోతే—"

"నీ బండి కనిపిస్తుంది అంటావు. అమ్మ నీ బండి ఎక్కిందా అసలు? ఒక్కసారి చెప్పు, ఎప్పుడెక్కింది?"

ఎక్కింది. కొజుయె చంకపిల్లగా ఉన్నప్పుడు ఎక్కింది. తొచిజావలో దిగుతూ చీటీ వేసి నా ఎదుట నిలబడింది. వెనక చేపలామె, బడి మేస్టారు, ఊరంతా ఉంది. చేపలామె "ఏం డ్రైవరూ, పెళ్ళానికి కూడా దండం పెడతావా?" అంది. అందరూ నవ్వారు. నేను డబ్బుల పెట్టె వంక చూస్తూ ఊరుకున్నాను. మిసావో దిగి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక, నా బండి కాకుండా ముందుదో వెనకదో ఎక్కితే బాగుంటుంది, డ్యూటీలో ఇబ్బందిగా ఉంటుంది అన్నాను. సరే అంది. అందులో పోట్లాట ఏముంది?

"నువ్వు వద్దన్నాక అమ్మ మళ్ళీ ఎక్కలేదు నాన్నా. ఆస్పత్రికి తిరిగినన్నాళ్ళూ ఎక్కలేదు. మందు ఎక్కించుకుని ఒళ్ళు తూలుతుంటే కూడా ఆస్పత్రి దగ్గర కురోబాషి స్టేషనులో కూర్చునేది, నీ బండి వెళ్ళిపోయేదాకా. చలిలో! తర్వాతి బండి కోసం! 'మీ నాన్నకి ఇబ్బంది' అనేది."

"డ్యూటీలో ఉన్న డ్రైవరు భార్యకి తల వంచడమేమిటే, నలుగురూ నవ్వరూ?"

"అందరికీ వంచుతావు. ఫోటోలు తీసుకునే వాళ్ళకి వంచుతావు. తాగి దిగేవాడికి వంచుతావు. ఆ ఇనుప తలుపుకి చెప్పడానికి నీకు మాటలున్నాయి. అమ్మకి ఒక్క మాట లేదు."

అది ఏడ్చింది. నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. తర్వాత పెట్టేసిన చప్పుడు వినపడింది.

కురోబాషి స్టేషనులో ఆమె కూర్చోవడం నేను చూశాను. అద్దంలోంచి, బండి బయల్దేరేటప్పుడు. బూడిదరంగు కోటు, ఒళ్ళో సంచి. ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను. కాస్త కూర్చుని విశ్రాంతి తీసుకుంటోంది అనుకున్నాను. ఆస్పత్రి అలసట కదా.

విశ్రాంతి తీసుకుంటోంది అనే అనుకున్నాను.

మార్చి 14.

బండి ఆలస్యం లేదు.

మార్చి 15.

బండి ఆలస్యం లేదు.

మార్చి 19. వాన.

డిపోలో సెగావా ఒక్కడే ఉన్నప్పుడు అడిగాను. మిసావో నీ బండి ఎక్కేదా అని. ఏదో ఊసుపోక అడిగినట్టే అడిగాను, మేజోడు సర్దుకుంటూ.

"చాలాసార్లండీ. మీ వెనక బండి ఎక్కువగా నాదేగా. ఎప్పుడూ నా సీటు వెనకాలే కూర్చునేవారు."

"ఏమన్నా మాట్లాడేదా?"

సెగావా కాస్త ఆలోచించాడు. చెప్పనా వద్దా అని ఆలోచించాడని ఇప్పుడు అనిపిస్తోంది.

"దిగేటప్పుడండీ. నేను 'మా బండి ఎక్కినందుకు ధన్యవాదాలండీ' అంటే, ఆవిడ తిరిగి దండం పెట్టేవారు. ఒకసారి అడిగారు. 'మా ఆయన కూడా అందరికీ ఇలాగే చెబుతారా బాబూ' అని."

"నువ్వేమన్నావు?"

"'నాకు నేర్పిందే ఆయన కదమ్మా, నాకంటే బాగా చెబుతారు' అన్నాను. అలాగా అని చాలా సంతోషపడ్డారండీ."

మేజోడు సర్దుకోవడం అయిపోయింది. ఇంకో కాలిది కూడా సర్దుకున్నాను.

ఆమె సంతోషపడిందట. ఊళ్ళో వాళ్ళంతా రోజూ వినే మాటను ఇంకొకడి నోట విని సంతోషపడింది. ఇంటికి వచ్చి కలశం ముందు కూర్చున్నాను. చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఖాళీ ఇంట్లో, ఒక్కణ్ణే ఉండి, అప్పుడు కూడా సిగ్గేసింది. ఇదెక్కడి రోగమో నాకు అర్థం కాలేదు.

మార్చి 20.

డ్యూటీ. కురోబాషి వెయిటింగు గది వైపు చూడలేదు.

మార్చి 23. సెలవు. ఎండ.

కొత్త లైను మీద పడేముందు డ్రైవరు ఒకసారి ఊరికే కూర్చుని ఆ దారంతా చూసి రావాలి. ఎక్కడ ఎత్తు, ఎక్కడ వంపు, ఎక్కడ ఆగాలి. మా పని పద్ధతి అది. రేపు లైను పోయాక కొజుయె రాబోయే దారిని నేను చూసి రావాలనుకున్నాను. బస్సు బాగుంటే ఆ మాట దానికి ధైర్యంగా చెప్పొచ్చు. వాళ్ళెలాగూ ఈ నెలంతా ప్రయోగంగా తిప్పుతున్నారు.

పొద్దున బండిలో కురోబాషి వెళ్ళాను. అక్కడ దిగి, నాగోయా నుంచి అప్పుడే వచ్చిన మనిషిలా చామంతి పూలు కొనుక్కుని బస్సు కోసం నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చింది. ఏటికి అవతలి పెద్దరోడ్డు మీదుగా వెళ్ళింది. మా స్టేషన్లు ఒక్కటీ కనిపించలేదు. "తొచిజావ" అని పిలిస్తే దిగి చూద్దును కదా, అది ఎరువుల కొట్టు. ఊరు ఏటికి ఇవతల ఉంది. వంతెన దాటాలి. దాని మీద మనిషి నడవడానికి చోటు లేదు, లారీలు ఒరుసుకుంటూ పోతున్నాయి. నేను పూలు గుండెకి అదుముకుని గోడకి అంటుకుపోయి నడిచాను. ఇలా కొజుయె నడవాలి.

కొండెక్కి మా సమాధి దగ్గరకు చేరేసరికి తిరుగు బస్సు వేళ దగ్గరపడింది. పూలు పెట్టాను, నీళ్ళు పోశాను, అగరువత్తి సగం కూడా కాలలేదు. అప్పుడే కింద బండి వచ్చింది. సెగావా బండి. స్టేషనులో ఆగింది, ఒకరు దిగారు, బండి కదిలింది. వంపు తిరిగేదాకా కనిపించింది. ఆ చప్పుడు కొండకి తగిలి కాసేపు ఉంది.

ఎంత బాగుంది! అది నిజం, నేను అబద్ధం చెప్పలేదు. కానీ ఏప్రిల్ నుంచి ఇక్కణ్ణుంచి చూస్తే తుప్పు పట్టిన పట్టాలు కనిపిస్తాయి, మిసావో వాటిని చూస్తూ కూర్చోవాలి. కూతురు మొదట్లో ఏడాదికోసారి వస్తుంది. తర్వాత పిల్లలో, పనో, మోకాళ్ళో, ఏదో ఒకటి అడ్డు వస్తుంది. ఎదురుచూడటం మిసావోకి అలవాటేగా అని నాకు నేనే అనుకున్నాను. అలా అనుకోగానే రాయి పక్కనే చతికిలబడి ఏడ్చాను. అరవై ఒక్క ఏళ్ళవాణ్ణి, నీళ్ళ బకెట్టు పట్టుకుని.

తిరుగు బస్సు తప్పిపోయింది. నాకేం, ఇల్లు కిందనే ఉంది. కొజుయెకి లేదు.

మార్చి 24.

వదినకి ఫోన్ చేసి బస్సు సంగతి చెప్పాను. "ఇప్పుడా తెలిసింది?" అంది.

మార్చి 27. ఎండ, చలి.

కొజుయె నిన్న సాయంత్రం వచ్చి వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో దిగింది. పొద్దున నల్లబట్టలతో నేరుగా కొండ మీదకే వచ్చింది. నేను ఇంటినుంచి తెచ్చిన కలశాన్ని నా చేతుల్లోంచి తీసుకుంది. తీసుకుని మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని నిలబడింది. చిక్కిపోయింది. జలుబేమీ లేదు.

రాతిపని మనిషి రాయి జరిపాడు. లోపల మా అమ్మ కలశం, నాన్న కలశం, పక్కన ఖాళీ. పూజారిగారు మంత్రాలు మొదలుపెట్టారు. అవి అయ్యాక రాతిపని మనిషి చేతులు చాపాడు. కొజుయె ఒక్క అడుగు వెనక్కి వేసింది. నా వంక చూడలేదు.

"మూసేయండి" అన్నాను.

"ఇంకా పెట్టనే లేదు కదండీ?"

"పెట్టడం లేదు. ఆమె కూతురితో వెళ్తుంది. మూసేయండి."

వదిన ముక్కు చీదింది. రాతిపని మనిషి మా అందరి మొహాలూ చూసి, గొణుక్కుంటూ రాయిని మళ్ళీ తోశాడు. అది గరగరమంటూ జరిగి చోటులో పడింది. నా కుడిచెయ్యి లేవబోయింది. ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాను. కొజుయె చూసింది.

"చెప్పుకో నాన్నా" అంది. "ఖాళీయేగా."

"వద్దులే."

"చెప్పు. లేకపోతే నీకు అన్నం సహించదు."

చెప్పాను. చిన్నగానే చెప్పాను, రాయి పడింది, సరి అని. అది నవ్వబోయి, కలశం మీద తల ఆనించి ఏడ్చింది. నేను దాని వీపు మీద చెయ్యి వేద్దామా అనుకుని, పక్కన నిలబడ్డాను.

దిగేటప్పుడు మెట్ల మీద అడిగింది.

"మరి నువ్వు, ఆ తర్వాత, ఒక్కడివే ఉంటావా దాంట్లో?"

"మా అమ్మా నాన్నా ఉన్నారుగా."

"నీకు కోపం రాలేదా?"

"రాలేదు" అన్నాను. రాలేదు. బాధగా ఉంది. ఆ మాట కూడా అన్నాను. అది తల ఊపింది.

రేపు పొద్దున సెగావా బండి ఎక్కితే కురోబాషిలో నాగోయా బండి వెంటనే అందుతుందని చెప్పాను. చూస్తానంది.

ముందుగది బోసిగా ఉంది. ఫోటో ఒక్కటే మిగిలింది.

మార్చి 28. మబ్బు లేదు.

పొద్దున మొదటి ట్రిప్పు ముగించుకొచ్చిన సెగావా డిపోలో ఎదురుపడి, "అమ్మాయిగారు నా బండి ఎక్కలేదండీ" అన్నాడు. "తర్వాతది ఎవరిదని అడిగారు. మీదని చెప్పాను." నిద్ర లేవలేదేమో అనుకున్నాను. సెగావా బండి దగ్గరకొచ్చి అడిగిన మనిషి నిద్ర లేవకపోవడమేమిటో, నా బుర్ర అలా ఉంది.

తొచిజావలో ఆగేసరికి ప్లాట్‌ఫారం నిండా కెమెరాలు. వాటి మధ్య కొజుయె, చేతుల్లో తెల్లగుడ్డ కలశం. కెమెరాల వాళ్ళు ఒక్కొక్కరే పక్కకు జరిగి, కెమెరాలు దించి, దారి ఇచ్చారు. వాళ్ళని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. వెనక తలుపులో ఎక్కింది. వచ్చి నా సీటు వెనకాల కూర్చుంది.

బండి మామూలుగానే నడిపాను. ప్రతి స్టేషనులో ఆగాను, తలుపుకి చెప్పాను, దీపానికి చెప్పాను. అద్దంలో తెల్లగుడ్డ కొస కనిపిస్తూ ఉంది. వంపుల దగ్గర ఎప్పటికంటే నెమ్మదిగా తిప్పాను. దానివల్ల ఆలస్యమైతే అవనీ అనుకున్నాను, కానీ కాలేదు.

కురోబాషిలో అందరూ దిగారు. అందరికీ చెప్పాను. చివరన కొజుయె వచ్చి నా ఎదుట నిలబడింది. పెట్టెలో నంబరు చీటీలు రెండు వేసింది. డబ్బులు వేసింది.

"పెద్దవాళ్ళు ఇద్దరు" అంది.

కలశానికి టికెట్టు అక్కర్లేదు, చేతిసామాను కింద లెక్క. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

టోపీ సరిచేసుకుని, తల వంచి, "మా బండి ఎక్కినందుకు ధన్యవాదాలండీ" అని కొజుయెకి చెప్పాను. అది కదల్లేదు. కలశాన్ని కాస్త ముందుకు పట్టుకుని, అలాగే నిలబడింది. తొందర పెట్టలేదు.

సీట్లోంచి లేచాను. నడుం వంచాను. మళ్ళీ అన్నాను. "మా బండి ఎక్కినందుకు ధన్యవాదాలండీ."

చాలా గట్టిగా వచ్చేసింది. ప్లాట్‌ఫారం మీద వెళ్ళిపోతున్న వాళ్ళు ఆగి వెనక్కి తిరిగి చూశారు. వెయిటింగు గదిలో వాళ్ళు కూడా తలెత్తారు. నాకు సిగ్గనిపించలేదు. మిసావో ఉండి ఉంటే సిగ్గుతో చచ్చిపోయేది.